అయిపోయింది అన్నాక

ఆస్పత్రి కింది అంతస్తులో, మెట్ల పక్కన, రక్తం తీసే గది ఉంది. ఒక కిటికీ, రెండు కుర్చీలు, చెయ్యి ఆనించుకోవడానికి రెగ్జిను వేసిన బల్ల. బల్లకు ఇవతల కూర్చునే ఆవిడను పెద్దవాళ్ళు సిస్టర్ అంటారు, పిల్లలు సూదక్క అంటారు. పిల్లలు పెట్టిన పేరే నిలిచిపోయింది. ఇంట్లో మొగుడు కూడా కోపం వచ్చినప్పుడల్లా ఆ పేరే వాడుకుంటాడు.

సూదక్కకు పనిలో ఒక నియమం ఉంది. ఎవరో పెట్టింది కాదు, తనకు తనే పెట్టుకుంది. చెప్పకుండా గుచ్చదు. "ఇప్పుడు" అని చెప్పి గుచ్చుతుంది, సూది బయటికి వచ్చి దూది పడ్డాక "అయిపోయింది" అంటుంది. ఈ రెండు మాటలూ ఏనాడూ ముందూ వెనకా కాలేదు. అవతలి కుర్చీ దగ్గర పనిచేసే పిల్ల, సూది ఇంకా లోపలుండగానే అయిపోయింది అయిపోయింది అని బుజ్జగిస్తూ ఉంటుంది. సూదక్కకు ఒళ్ళు మండుతుంది. ఒకసారి ఆ మాట అబద్ధమని తేలాక ఆ చెయ్యి మళ్ళీ నమ్మకంగా చాపుతారా అని ఆమె వాదన. వాదనలో పస ఉంది. కాకపోతే ఆ నియమం బల్ల దగ్గరే ఆగకుండా మనిషంతా పాకిపోయింది. కూర బాగుందా అని తోడికోడలు అడిగితే బాగాలేదని చెప్పి వచ్చే రకం ఆవిడ.

అలాంటి మనిషి పేకముక్కలతో మ్యాజిక్ నేర్చుకోవాల్సి వచ్చిందంటే, దానికి కారణం మేనమామ.

మావయ్య జీవితమంతా బట్టల కొట్టులో నిలబడి గడిపాడు. ఆయన గుడ్డ తాను విప్పితే అది గది ఈ మూల నుంచి ఆ మూలకు పరుచుకునేది, మడిస్తే ఒక్క గీత తేడా వచ్చేది కాదు. సూదక్క చిన్నప్పుడు వాళ్ళమ్మకు మిల్లులో పని. అందుకని బడి వదిలాక మావయ్య ఇంటికే చేరేది. ఆయన పేకముక్కలు తీసేవాడు. తీసిన సంగతి కూడా ఎవరికీ తెలిసేది కాదు. అత్తయ్యతో కందిపప్పు ధర గురించి వాదిస్తూనో, కళ్ళజోడు ఎక్కడ పెట్టానో అని తడుముకుంటూనో, "ఏదీ ఒక ముక్క తియ్యి" అనేవాడు. తీసి, చూసి, కట్టలో పెట్టేసేది. ఆయన మళ్ళీ కళ్ళజోడు వెతుక్కునేవాడు. కాసేపటికి కళ్ళజోడు దొరికేది, దాని పెట్టెలో ఆ ముక్క ఉండేది. "ఇదిక్కడెందుకుందే?" అని ఆయనే ఆశ్చర్యపోయేవాడు. మ్యాజిక్ చేస్తున్న మనిషిలా కనిపించేవాడే కాదు. అది ఆయనకు తెలియకుండా ఆయన చుట్టూ జరిగిపోతున్నట్టు ఉండేది.

ఆ మావయ్య చేతిలోంచి, కొట్టు యజమాని మనవరాలి పుట్టినరోజున, ముక్కలన్నీ జారి నేలంతా పడ్డాయి. పిల్లలు అదీ ఆటలో భాగమేనేమో అనుకుని చప్పట్లు కొట్టారు. ఆయన నవ్వుతూ ఏరుకున్నాడు. ఏరుకుంటున్నప్పుడు వేళ్ళు వణకడం సూదక్క చూసింది. రోజంతా చేతులు చూడటమే పని కాబట్టి, అది వయసు వణుకు కాదేమో అని ఆమెకు అప్పుడే అనిపించింది.

ఆ తర్వాత ఆయన పేక కట్టను బీరువాలో పెట్టేశాడు. మనిషి చిక్కిపోతున్నాడు. తిండి మాత్రం మామూలుగానే, ఇంకాస్త ఎక్కువగానే తింటున్నాడు. ఊరికే చెమటలు పట్టేవి. మేడ మెట్లు ఎక్కేటప్పుడు సగంలో ఆగి, గోడ మీద సున్నం పెచ్చులు చూస్తున్నట్టు నటించేవాడు. అత్తయ్య ఆయన చొక్కాల పక్కలు లోపలికి పట్టి కుట్టడం మొదలుపెట్టింది. ఒకసారి కుట్టినవే కొన్నాళ్ళకు మళ్ళీ కుట్టాల్సి వచ్చింది. డాక్టరు చూసి, ముందు రక్తం పరీక్ష కానివ్వండి, ఆ తర్వాత మాట్లాడదాం అన్నాడు.

అక్కడే వచ్చింది చిక్కు. మావయ్యకు సూదంటే చచ్చేంత భయం. ఊళ్ళో సగం మంది రక్తం ఆ ఇంటి ఆడపిల్ల చేతి మీదుగా పోయినా, ఆయన రక్తం మాత్రం ఆయన దగ్గరే భద్రంగా ఉంది. పరీక్షకు రమ్మంటే కొట్టులో కొత్త సరుకు వచ్చిందనేవాడు. కొట్టు మానేసి ఏడాది దాటిందని గుర్తుచేస్తే జలుబనేవాడు. చివరికి ఒక పొద్దున సూదక్కే సామాను సంచిలో వేసుకుని ఇంటికి వెళ్ళింది. మావయ్య స్నానాల గదిలోకి దూరి గడియ పెట్టుకున్నాడు.

"మావయ్యా, నేను డ్యూటీకి వెళ్ళాలి. బయటికి రా."

"స్నానం చేస్తున్నానమ్మా."

"నీళ్ళ చప్పుడేదీ?"

లోపల ఎవరో హడావిడిగా కుళాయి తిప్పిన చప్పుడైంది. అత్తయ్య నుదురు కొట్టుకుంది.

చాలాసేపటికి ఆయన పొడి ఒంటితోనే బయటికి వచ్చి, భుజం మీద తువ్వాలు సర్దుకుని, రాజీ మాట్లాడే పెద్దమనిషిలా కుర్చీలో కూర్చున్నాడు. "చెయ్యి ఇస్తాను, ఇవ్వనన్నానా? కానీ ఒక షరతు. నువ్వో పేకాట... పేకాటంటే డబ్బుల ఆట కాదు, నా ఆట. అందులో ఒక్కటి నేర్చుకో. నేనే నేర్పుతా. అసలు పని ఏ క్షణంలో చేశావో నా కంటికి దొరక్కుండా చేసి చూపించు. అప్పుడు ఏ చెయ్యి కావాలంటే ఆ చెయ్యి తీసుకో."

అబద్ధం చెప్పడం చేతకాని మేనకోడలు జన్మలో ఇది నేర్వలేదని ఆయన లెక్క. ఆయన గడువు కొనుక్కుంటున్నాడని సూదక్కకూ అర్థమైంది. అయినా గడియ పెట్టుకున్న తలుపుకంటే ఇది నయం కదా అని ఒప్పుకుంది.

ఆట చెప్పుకోవడానికి చిన్నదే. చూసేవాళ్ళు ఒక ముక్క తీస్తారు, చూసుకుని కట్ట మధ్యలో పెడతారు. కట్ట మూసేటప్పుడు ఆ ముక్కకు పైన, వెనకవైపు, చిటికెన వేలి కొస దూర్చి సన్నటి సందు ఉంచుకోవాలి. ముందునుంచి చూస్తే కట్ట శుభ్రంగా మూసినట్టే ఉంటుంది. తర్వాత, ఎవరూ చూడని క్షణంలో, కింది సగం పైకి, పై సగం కిందికి. మధ్యలో ఉన్న ముక్క అన్నిటికంటే పైకి వచ్చి కూర్చుంటుంది. ఇక తిప్పి చూపించడమే.

చేతుల వరకూ సూదక్కకు పెద్ద కష్టం కాలేదు. సన్నటి నరం కోసం వేలికొసతో వెతికే మనిషికి చిటికెన వేలు మాట వినదా? ఆస్పత్రిలో మధ్యాహ్నం భోజనాల వేళ ఒళ్ళో పెట్టుకుని సాధన చేసేది. ఇంట్లో పాలు కాగే లోపల, కుక్కర్ కూత వేసే లోపల సాధన చేసేది. ఎలక్ట్రీషియన్ పని చేసే మొగుడికి చూపిస్తే, "కట్ అయిన వైరు ఎక్కడుందో నీ మొహం మీదే రాసుంది" అని నవ్వాడు.

గొడవంతా ఆ మొహంతోనే. కట్ట సగాలు మారే ముందు ఆమె ఊపిరి బిగబట్టేది. సూది గుచ్చే ముందు ఎప్పుడూ చేసే పనే అది. కళ్ళు తిన్నగా చేతి మీదికి వెళ్ళేవి. అన్నిటికంటే ఘోరం, సగాలు మారగానే నోరు దానంతటదే తెరుచుకుని, మెత్తగా, ఎంతో ఓదార్పుగా, "అయిపోయింది" అనేది.

మొదటిసారి ఆ మాట విన్నప్పుడు మావయ్య పొట్ట పట్టుకుని నవ్వాడు. అత్తయ్య కుడుతున్న చొక్కా పక్కన పెట్టి నవ్వింది. "దొంగ గోడ దూకి, అయ్యా దూకానండీ అని కేకేసినట్టుందే" అన్నాడాయన కళ్ళు తుడుచుకుంటూ. సూదక్క కూడా నవ్వింది. నాలుగైదుసార్లు అదే జరిగాక ఆమెకు నవ్వు రాలేదు.

మావయ్య నేర్పడంలో మాత్రం మోసం చెయ్యలేదు. గడువు కొనుక్కుందామనే మొదలుపెట్టినా, పాఠం దగ్గరికొచ్చేసరికి మనిషి మారిపోయేవాడు. "నీ చెయ్యి కష్టపడుతోందే అమ్మడూ. చూసేవాడికి కష్టం కనపడిందా, అక్కడేదో ఉందని తెలిసిపోతుంది. నేను తాను పరిచేటప్పుడు తాను వంక చూసేవాణ్ణి కాదు. కొనేవాళ్ళ మొహం చూసేవాణ్ణి. పెద్దావిడ మోకాలి నొప్పి గురించి అడిగేవాణ్ణి. ఈలోగా చేతులు వాటి పని అవి చూసుకునేవి."

"మరి ఎప్పుడు చెయ్యాలి మావయ్యా? నువ్వు కన్నార్పకుండా చూస్తుంటే ఎప్పుడు చెయ్యను?"

"నేను చూడని క్షణం ఒకటి ఉంటుంది. అది నువ్వు వెతుక్కోవాలి. దాన్ని నేర్పడం నావల్ల కాదు. నాది మోకాలి నొప్పి దగ్గర దొరికేది, నీది ఎక్కడుందో."

ఆయన చెప్తూ కట్ట చేతిలోకి తీసుకోబోయి, మళ్ళీ బల్ల మీదే పెట్టేశాడు. చేతులు తొడల కింద దాచుకున్నాడు. అది చూసి సూదక్కకు దుఃఖం, కోపం ఒక్కసారే వచ్చాయి.

"నీకిది ఆటగా ఉందా మావయ్యా? డాక్టరు నన్ను చూసినప్పుడల్లా అడుగుతున్నాడు. అత్తయ్య చొక్కాలు కుట్టలేక చస్తోంది. నువ్వు మెట్ల మీద గోడ పట్టుకుని నిలబడితే మాకు తెలియదనుకుంటున్నావా? చీమ కుట్టినంత నొప్పికి ఇంత నాటకమా?"

మావయ్య నేల చూస్తూ అన్నాడు. "మా నాన్నకూ ఇలాగే మొదలైంది. వణుకు, చిక్కిపోవడం. పరీక్ష చేశారు. ఆ కాగితం వచ్చిన రోజు నుంచి మనిషి లేవలేదు. నా భయం సూదంటే కాదే. ఆ తర్వాత నువ్వు చెప్పే మాటంటే. ఇంకెవరైనా అయితే ఏం లేదులే అని సర్దిచెప్తారు. నువ్వు చెప్పవు."

నిజమే, సూదక్క చెప్పదు. జీవితంలో మొట్టమొదటిసారి తన నియమం మీద తనకే విసుగొచ్చింది. ఆయన తొడల కింద దాచుకున్న చేతిని బయటికి లాగి కాసేపు పట్టుకుని కూర్చుంది. చెయ్యి వెచ్చగా, తడిగా ఉంది. ఇంటికి వెళ్ళేటప్పుడు దారి పొడుగునా ఏడ్చింది.

మర్నాడు గది బయట జనం బాగా ఉన్నారు. ఒక లారీ డ్రైవరు వచ్చి కూర్చున్నాడు. మనిషి కొండలా ఉన్నాడు గానీ, రబ్బరు పట్టీ కట్టగానే చెమటలు పోశాడు. సూదక్క చేతి వంకే గుడ్లప్పగించి చూస్తున్నాడు. ఆమె "ఇప్పుడు" అంది, గుచ్చింది, ట్యూబు నిండింది, సూది తీసింది, దూది పెట్టింది, "అయిపోయింది" అంది. అంతే, ఆ కొండ కరిగిపోయింది. భుజాలు దిగాయి. గుండెల నిండా గాలి పీల్చి వదిలి, గుమ్మం దగ్గర నిలబడ్డ భార్య వైపు తిరిగి, "చూశావా, నేనేమన్నా భయపడ్డానా?" అన్నాడు. ఆ కాసేపట్లో సూదక్క సూది డబ్బాలో వేసింది, ట్యూబును అటూ ఇటూ తిప్పింది, దాని మీద చీటీ అంటించింది, స్టాండులో పెట్టింది. అతను ఒక్కటీ చూడలేదు. ఇందాక ఆమె వేలు కదిలితే ఉలిక్కిపడిన మనిషి, ఇప్పుడామె బల్ల మీద ఏనుగును నడిపించినా తల తిప్పేలా లేడు.

ఇంకొకరి కోసం తీసిన దూది సూదక్క చేతిలో అలాగే ఉండిపోయింది. తర్వాత వచ్చిన ముసలావిడను గమనించింది. ఆ తర్వాత వచ్చిన కాలేజీ పిల్లనూ గమనించింది. అందరిదీ ఒకటే తంతు. అయిపోయింది అన్న మాట వినబడగానే ఎవరికీ ఆమె చేతులతో పనిలేదు. ఇన్నేళ్ళుగా అందరూ ఆమెకు ఆ క్షణాన్ని ఇచ్చి వెళుతూనే ఉన్నారు. ఆమె దాన్ని చీటీలు అంటించడానికి వాడుకుంది.

కానీ అందుకోసం అయిపోకముందే అయిపోయింది అనాలి. ఆ మాట నోట్లోంచి రావడానికి ఆమె పడ్డ పాట్లు దేవుడికే తెలియాలి. వంటగదిలో గోడకు చెప్పి చూసింది. గోడకు కూడా అబద్ధం చెప్పలేక నాలుక మడతపడింది. చివరికి మొగుడే దారి చూపించాడు. "సూది పట్టుకున్నప్పుడు చెప్పేది ఒక మాట, పేకముక్కలు పట్టుకున్నప్పుడు చెప్పేది ఇంకో మాట. చూడ్డానికి వచ్చినవాడు ముచ్చటపడి మోసపోవడానికే వస్తాడు. రక్తం ఇచ్చేవాడు అలా రాడు కదా." ఎప్పుడూ వేళాకోళమాడే మనిషి ఇంత తిన్నగా మాట్లాడేసరికి సూదక్క అతని వంక అనుమానంగా చూసింది. కానీ ఆ మాట పట్టింది. దాని మీదే సాధన చేసింది.

సెలవు రోజు పొద్దున మావయ్య ఇంటికి వెళ్ళింది. అత్తయ్య కిటికీ వెలుగులో కూర్చుని మళ్ళీ అదే చొక్కా కుడుతోంది. మావయ్య బల్ల ముందు కూర్చుని, పరీక్ష దిద్దే మేష్టారులా కళ్ళజోడు తుడిచి పెట్టుకున్నాడు. ఒక ముక్క తీసి చూసుకున్నాడు, సూదక్క విప్పిన కట్ట మధ్యలో పెట్టాడు. ఆమె కట్ట మూసింది. ఊపిరి బిగబట్టింది. కళ్ళు చేతుల మీదికి వెళ్ళాయి. వేళ్ళు కాస్త బిగిశాయి, సడలాయి. తర్వాత, మెత్తగా, ఎంతో ఓదార్పుగా, "అయిపోయింది" అంది.

మావయ్య ఫక్కున నవ్వాడు. "విన్నావా?" అంటూ అత్తయ్య వైపు తిరిగాడు. "మళ్ళీ అదే మాట. ఈ జన్మకు దీనికి..."

ఎవరూ సూదక్క వైపు చూడటం లేదు. ఆమె ఊపిరి మామూలుగా ఆడుతోంది. కట్ట ఒక చేతిలోంచి ఇంకో చేతిలోకి వెళుతున్నంత తేలిగ్గా కింది సగం పైకి వచ్చింది. ఆమె దాన్ని బల్ల మీద పెట్టి, చొక్కా బాగా వచ్చిందత్తయ్యా అంది.

మావయ్య నవ్వు తుడుచుకుంటూ ఇటు తిరిగాడు. "పోనీలే, ఈసారి మరీ అంత గుడ్లప్పగించి చూడలేదు. వచ్చే వారం చూద్దాం."

"పైముక్క తియ్యి మావయ్యా."

"ఎందుకు? నువ్వు మార్చడం చూశాను కదే. అయిపోయింది అన్నప్పుడు..."

"అప్పుడింకా మార్చలేదు."

మావయ్య పైముక్క తిప్పాడు. ఆటీను రాణి. ఆయన తీసిన ముక్కే. దాన్ని చూశాడు, వెనక్కి తిప్పి చూశాడు, కట్టను చూశాడు. తర్వాత మేనకోడలి మొహాన్ని చూశాడు. అందులో ఏమీ రాసి లేదు. కాసేపటికి, చిన్నప్పుడు కళ్ళజోడు పెట్టెలో ముక్కను చూసి సూదక్క నోరు తెరిచినట్టే, ఆయన నోరు తెరుచుకుంది. భయం సంగతి ఆ క్షణానికి ఆయన పూర్తిగా మరిచిపోయాడు.

"ఎప్పుడు చేశావే?"

"మోకాలి నొప్పి దగ్గర."

అత్తయ్య సూదిలో దారం వదిలేసి లేచి వచ్చింది. మావయ్య చొక్కా ఎడమ చెయ్యి మడతపెట్టడం మొదలుపెట్టాడు. మడత మీద మడత, ఒక్క గీత తేడా లేకుండా.

సూదక్క సంచి తెచ్చుకునే ఉంది. రబ్బరు పట్టీ కట్టింది, స్పిరిట్ దూదితో తుడిచింది. మావయ్య కళ్ళు గట్టిగా మూసుకున్నాడు.

"ఇప్పుడు" అంది.

అత్తయ్య ఆయన భుజం పట్టుకుంది. ట్యూబు నిండింది. సూది బయటికి వచ్చింది, దూది పడింది.

"అయిపోయింది మావయ్యా."

మావయ్య కళ్ళు తెరవలేదు. చెయ్యి కర్రలా బిగించే ఉంచాడు. "నమ్మను" అన్నాడు.

"నిజంగా అయిపోయింది."

"ఇందాకా అలాగే అన్నావు."

చివరికి వెచ్చగా ఉన్న ట్యూబును ఆయన అరచేతిలో పెడితే గానీ కళ్ళు తెరవలేదు. తెరిచి, దాన్ని కిటికీ వెలుగులో పట్టుకుని, ఇంతేనా అన్నాడు. అత్తయ్య కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. నవ్విందో ఏడ్చిందో ఆమెకే తెలియాలి.

రిపోర్టు వచ్చే వరకూ సూదక్కకు అన్నం సహించలేదు. తన నోటితో ఏం చెప్పాల్సి వస్తుందో అన్న ఆలోచనే. డాక్టరు కాగితం చూసి, కళ్ళజోడు పైకి నెట్టి, రెండు ముక్కల్లో చెప్పేశాడు. ఆమె మళ్ళీ ఒకసారి చెప్పించుకుంది. తర్వాత ఆస్పత్రి మెట్ల మీదే కాసేపు కూర్చుండిపోయింది. లేచి, ఆటో కోసం కూడా చూడకుండా నడిచి వెళ్ళిపోయింది.

మావయ్య మేడ మెట్ల మీద, మొదటి మెట్టు మీదే కూర్చుని ఉన్నాడు. ఎప్పట్నుంచి కూర్చున్నాడో. లేవలేదు. "ఏమంటోంది నా రక్తం?" అన్నాడు.

"థైరాయిడ్ మావయ్యా. అది మరీ ఎక్కువగా పనిచేస్తోందట. వణుకూ, చెమటలూ, చిక్కిపోవడం, అన్నీ దానివల్లే. తాతయ్యకు వచ్చిన జబ్బు కాదు ఇది. మాత్రలు వేసుకుంటూ ఉంటే చెయ్యి కుదురుకుంటుందన్నాడు."

ఆయన ఆమె మొహంలోకి చూశాడు. బట్టల కొట్టులో కొనేవాళ్ళ మొహం చూసినంత జాగ్రత్తగా చూశాడు.

"ఇది పేకముక్కల మాటా, సూది మాటా?"

"సూది మాటే మావయ్యా."

మావయ్య భుజాలు దిగాయి. గుండెల నిండా గాలి పీల్చి వదిలాడు. తల ఊపాడు, మళ్ళీ ఊపాడు. పైనుంచి అంతా వింటూనే ఉన్న అత్తయ్య లోపలికి వెళ్ళి, కత్తెర తెచ్చుకుని, గుమ్మంలోనే కూర్చుని చొక్కా పక్కల కుట్లు విప్పడం మొదలుపెట్టింది.

"ఆగవే, ఇంకా మాత్ర కూడా మింగలేదు" అన్నాడు మావయ్య కింది నుంచి.

ఆమె వినిపించుకోలేదు.